రాయి నీరు విడిచే చోటు

(విజయవాడలో కళాశాల విద్యార్థులు, అధ్యాపకులు, ఆసక్తి కొద్దీ వచ్చిన ఊరివాళ్ళ ముందు చేసిన ప్రసంగం. రికార్డింగు విని రాసినది.)

అందరికీ నమస్కారం. ముందు ఈ స్టవ్వు వెలిగిస్తాను. వెనక కూర్చున్నవాళ్ళు కాస్త ముందుకి రండి, ఇది కళ్ళతో చూడాల్సిన పని.

ఇది మామూలు ఇనప పెనం. ఇది పటిక. పొద్దున వన్‌టౌన్‌లో పచారీ కొట్లో కొన్నాను. కృష్ణకి వరద వచ్చి నీళ్ళు ఎర్రగా ఉన్నప్పుడు మా అమ్మమ్మ ఇలాంటి ముక్కనే బిందెలో నాలుగు తిప్పులు తిప్పేది. తెల్లారేసరికి మట్టంతా అడుక్కి చేరేది. ఇదే పటికని పెనం మీద పొంగించి, పొడి చేసి సీసాలో దాచేది కూడా. ఆ పొంగించడమే ఇప్పుడు మీకు చూపిస్తాను. చెల్లెమ్మా, నువ్వు పట్టుకుని చూడు. తడి తగులుతోందా? లేదు కదా. పూర్తిగా పొడి రాయి.

(రెండు నిమిషాల విరామం)

అంచులు చూడండి, కరుగుతున్నాయి. ఇప్పుడు మొత్తం నీరుగారిపోయింది. నేను చుక్క నీళ్ళు పొయ్యలేదు, మీరే సాక్షులు. బుడగలు లేస్తున్నాయి, పొంగుతోంది. ఈ చల్లటి స్టీలు గరిటె పైన పట్టుకుంటాను... ఇదిగో, గరిటె వెనక చుక్కలు. ఈ నీళ్ళన్నీ ఆ పొడి ముక్కలోవే. వంద గ్రాముల పటికలో 45 గ్రాములకి పైగా నీరే ఉంటుంది. తడిలాగా ఉండదు, స్ఫటికంలో తనకంటూ ఒక చోటు కట్టుకుని, కుదురుగా కూర్చుని ఉంటుంది. వేడి ఒక మోతాదు దాటగానే ఆ కట్టు విడిపోతుంది. చివరికి పెనం మీద మిగిలేది ఈ తెల్లటి, తేలికైన బెండు.

బెజవాడలో డీహైడ్రేషన్ అనగానే రోహిణీ కార్తె, ఓఆర్ఎస్ ప్యాకెట్టు గుర్తొస్తాయి. నేను పీహెచ్‌డీలో ఆరేళ్ళు చదివింది రాళ్ళ డీహైడ్రేషన్. పెనం మీద పటికకి జరిగినదే, సముద్రం అడుగు నుంచి భూమిలోకి దిగిపోయే రాయికి, అరవై డెబ్భై కిలోమీటర్ల లోతున, వంద కిలోమీటర్ల లోతున జరుగుతుంది. ఎక్కడ జరుగుతుంది, ఎంత నీరు వస్తుంది, వచ్చినది ఏమవుతుంది? నా థీసిస్ అంతా ఈ మూడు ప్రశ్నలే.

సముద్రపు అడుగున ఉన్న ప్లేటు, అంటే భూమి పైనుండే పెద్ద రాతి పలక, పాతబడేకొద్దీ చల్లబడి బరువెక్కుతుంది. ఇంకో ప్లేటు ఎదురైన చోట దాని కిందికి దిగబడుతుంది. దీన్నే సబ్‌డక్షన్ అంటారు. వేగం ఏడాదికి బెత్తెడు అనుకోండి, కొన్నిచోట్ల ఇంకా తక్కువ. ఏడాదికి 5 సెంటీమీటర్ల చొప్పున ఏటవాలుగా దిగితే వంద కిలోమీటర్ల లోతు చేరడానికి సుమారు 30 లక్షల ఏళ్ళు పడుతుంది. ఇది మనకి దూరపు సంగతేమీ కాదు. బంగాళాఖాతానికి అవతల, అండమాన్ దగ్గర, మన ప్లేటే దిగుతోంది. 2004 డిసెంబరు 26, ఆదివారం, పున్నమి. ఇక్కడ పెద్దవాళ్ళందరికీ గుర్తుండే ఉంటుంది. ఉదయం ఆరున్నరకి సుమత్రా దగ్గర మొదలైన చీలిక ఉత్తరానికి అండమాన్ దాకా, సుమారు 1,300 కిలోమీటర్లు పాకింది. తీవ్రత 9.1. కొన్ని గంటల్లో సముద్రం మన కోస్తా మీదికి వచ్చింది. మన రాష్ట్రంలోనే వందమందికి పైగా పోయారు. నేనప్పుడు స్కూల్లో ఉన్నాను. మచిలీపట్నం నుంచి మా బంధువుల ఫోన్లు కలవక ఇంట్లో అందరూ నిలబడే ఉండిపోయిన ఆ మధ్యాహ్నమే ఈ చదువు వైపు నన్ను తీసుకొచ్చింది.

అదే దిగుడు మీద, పోర్ట్ బ్లెయిర్‌కి (ఇప్పుడు శ్రీ విజయపురం) సుమారు 135 కిలోమీటర్ల దూరంలో, బారెన్ ఐలాండ్ ఉంది. మన దేశంలో ఇప్పటికీ నిప్పు కక్కే అగ్నిపర్వతం అదొక్కటే. నూటయాభై ఏళ్ళకి పైగా నిద్రపోయి 1991లో లేచింది. ఆ తర్వాత చాలాసార్లు కక్కింది.

ఇప్పుడు ఒక చిక్కుముడి. దిగే ప్లేటు చల్లనిది. సముద్రపు అడుగున నీళ్ళ వేడి రెండు మూడు డిగ్రీలే, అక్కడ కోట్ల ఏళ్ళు నాని వచ్చిన రాయి అది. పొయ్యిలోకి ఐసుగడ్డ తోస్తే పొయ్యి ఆరాలి కదా? కానీ చల్లటి ప్లేటు దిగిన దాదాపు ప్రతిచోటా, దాని పైన, వరస కట్టి అగ్నిపర్వతాలు లేస్తున్నాయి. జపాన్, ఇండోనేషియా, ఆండీస్, అలూషియన్ దీవులు, అన్నిచోట్లా ఇదే వరస. చాలాచోట్ల ఆ వరస కింద ప్లేటు వంద కిలోమీటర్ల లోతుకి అటూ ఇటూగా ఉంటుంది. చల్లదనం నిప్పు ఎలా పుట్టిస్తుంది?

దీని ముడి విప్పేది నీరు. కుల్ఫీ బండి దగ్గర చూసే ఉంటారు, ఐసుముక్కల్లో కళ్ళుప్పు పోస్తారు. ఉప్పు తగిలిన ఐసు సున్నా డిగ్రీలకంటే కింద కూడా కరుగుతుంది. ఎవరూ వేడి చెయ్యలేదు, కరిగే హద్దే కిందికి జరిగింది. భూమి పైపొర కింద ఉండే మందపాటి రాతి పొర మాంటిల్. ఆ మాంటిల్ రాయికి నీరు అలాంటి ఉప్పు. ఆ లోతుల్లో పొడి మాంటిల్ కరగాలంటే 1,400 డిగ్రీలు దాటాలి. నీరు తగిలితే వెయ్యి డిగ్రీల దగ్గరే కరగడం మొదలుపెడుతుంది. అక్కడున్న వేడి ఈ రెండింటికీ మధ్యలో ఉంటుంది. కాబట్టి నీరు అందిన చోట లావా పుడుతుంది, అందని చోట రాయి రాయిగానే ఉంటుంది. దిగే ప్లేటు వేడిని మొయ్యదు, నీటిని మోసుకెళ్ళి అందిస్తుంది. అది కూడా రాయిలో దాచి.

ఎందులో దాస్తుంది? సముద్రపు అడుగు బురదలోని మట్టి ఖనిజాల్లో, సముద్రపు అడుగున ఉండే బసాల్టు అనే లావా రాయిలో పుట్టే క్లోరైట్, యాంఫిబోల్, లాసొనైట్ అనే ఖనిజాల్లో. అన్నిటికంటే మించి సర్పెంటైన్‌లో. మాంటిల్ రాయిలోకి సముద్రపు నీరు పగుళ్ళ వెంట దిగి అందులోని ఆలివిన్ అనే ఖనిజాన్ని మార్చేస్తే పుట్టే ఖనిజం ఇది. పాము చర్మంలా పచ్చగా, నునుపుగా ఉంటుందని ఆ పేరు. ఇందులో బరువులో దాదాపు పదమూడో వంతు... కాదు, క్షమించండి, నూటికి 13 వంతులు నీరు. మీకు ఇది కొత్తదేమీ కాదు. పాత ఇళ్ళ మీద, షెడ్ల మీద సిమెంటు రేకులు ఉంటాయే, వాటిలో కలిపే తెల్ల యాస్బెస్టాస్ పోగులు సర్పెంటైన్ జాతివే. మన పులివెందుల దగ్గర తవ్వి తీసేవారు. ఆ దుమ్ము పీల్చిన కూలీల ఊపిరితిత్తులు ఏమవుతాయో అందరికీ తెలిసిందే. ఆ రేకుల్ని పగలగొట్టడం, కొయ్యడం మాత్రం ఎవరూ చెయ్యకండి. ఇది నా ప్రసంగం మధ్యలో దూరిన మాటే అయినా చెప్పకుండా ఉండలేను.

ప్రపంచం మొత్తం మీద ఇలా రాళ్ళలో దాగి భూమిలోకి దిగే నీరు ఏడాదికి సుమారు వంద కోట్ల టన్నులని అంచనా. అంటే ఒక ఘనపు కిలోమీటరు. మన భాషలో చెప్పాలంటే 35 టీఎంసీలు. ప్రకాశం బ్యారేజీ నిండితే సుమారు 3 టీఎంసీలు. పదకొండు పన్నెండు బ్యారేజీల నీరు, ప్రతి ఏడూ, చప్పుడు లేకుండా, రాయి రూపంలో లోపలికి వెళుతోంది. అంచనాల్లో తేడాలున్నాయి, కానీ ఈ స్థాయిలోనే ఉంటాయి. అందులో సుమారు మూడోవంతు రెండు వందల కిలోమీటర్ల లోతు దాటి కూడా దిగిపోతుందని లెక్కలు చెబుతున్నాయి. మిగతాది దారిలో విడుదలవుతుంది.

దిగింది నిజంగా తిరిగి వచ్చిందని ఎలా నమ్మాలి? నాకు ఈ రంగంలో అన్నిటికంటే ఇష్టమైన రుజువు ఒకటుంది. ఆకాశంలో పైన, అంతరిక్షం నుంచి వచ్చే కాస్మిక్ కిరణాలు గాలి అణువుల్ని కొట్టినప్పుడు బెరీలియం-10 అనే పరమాణువు పుడుతుంది. వానతో కిందికి వస్తుంది, సముద్రంలో కలుస్తుంది, మెల్లగా అడుగు బురదలో చేరుతుంది. దీనికో ఆయుష్షు ఉంది. సుమారు 14 లక్షల ఏళ్ళలో సగం మాయమవుతుంది, మరో 14 లక్షల్లో మిగిలినదాంట్లో సగం. కోటిన్నర ఏళ్ళు గడిస్తే కొలవడానికి ఏమీ మిగలదు. భూమి లోపల ఇది పుట్టే దారి లేదు. 1980ల్లో అలూషియన్, మధ్య అమెరికా అగ్నిపర్వతాల లావాల్లో దీన్ని వెతికారు. దొరికింది. హవాయి లాంటి, సబ్‌డక్షన్‌తో సంబంధం లేని లావాల్లో దొరకలేదు. ఒకసారి కళ్ళు మూసుకుని ఆలోచించండి. ఒక వానచుక్కతో దిగిన పరమాణువు బురదలో పడింది, ప్లేటుతో పాటు వంద కిలోమీటర్లు దిగింది, రాయి విడిచిన నీళ్ళతో, కరిగిన బురదతో పైకి లేచింది, లావాలో మళ్ళీ గాలి చూసింది. ఇదంతా దాని ఆయుష్షు తీరకముందే. నేను ఇది మొదటిసారి చదివిన రాత్రి హాస్టల్ మేడ మీదికి వెళ్ళి చాలాసేపు కూర్చున్నాను.

సరే, నా పనిలోకి వస్తాను. నేను చేసింది రెండు రకాల పని. ఒకటి లాబ్‌లో, ఒకటి లద్దాఖ్‌లో.

లాబ్‌లో మా పెనం పిస్టన్ సిలిండర్ అనే యంత్రం. బంగారపు గొట్టం తీసుకుంటాం, 3 మిల్లీమీటర్ల వెడల్పు, పొడవు సెంటీమీటరు కూడా ఉండదు. ఒక కొస నొక్కి అతికి, లోపల 30 మిల్లీగ్రాముల సర్పెంటైన్ పొడి పోసి, రెండో కొస కూడా అతికేస్తాం. కంసాలి పనే, మైక్రోస్కోపు కింద. అతికాక తూకం వేస్తాం, గ్రాములో లక్షో వంతు దాకా చూపే తక్కెడ. గంటసేపు 110 డిగ్రీల ఓవెన్‌లో పెట్టి మళ్ళీ తూస్తాం. బరువు తగ్గిందంటే ఎక్కడో కారుతోందని అర్థం. దాన్ని గ్రాఫైట్ గొట్టంలో, ఉప్పు దిమ్మల మధ్యలో పెట్టి, 20 వేల వాతావరణాల ఒత్తిడికి (మామూలు గాలి ఒత్తిడికి 20 వేల రెట్లు) నొక్కుతాం. అంటే భూమిలో 65, 70 కిలోమీటర్ల లోతన్నమాట. గ్రాఫైట్‌లోకి కరెంటు పంపి 700 డిగ్రీలకి వేడిచేసి వారం రోజులు కదలకుండా ఉంచుతాం.

నా మొదటి మూడు ప్రయోగాలు పోయాయి. వారం కాపలా కాసి తీసి చూస్తే అతుకు విడిపోయి, బరువు తప్పి, నీరంతా పోయి ఉండేది. మూడోసారి ఏడ్చాను. నాలుగోది నిలబడింది. కరెంటు ఆపగానే కొన్ని సెకన్లలో చల్లబడుతుంది, లోపల జరిగినది జరిగినట్టే నిలిచిపోతుంది. ఆ బంగారపు గొట్టాన్ని మైక్రోస్కోపు కింద పెట్టి సన్న సూదితో గుచ్చాను. గుచ్చిన చోట ఒక చుక్క పైకి ఉబ్బింది. గుండ్రంగా, తేటగా, ఆవగింజకంటే చిన్నది. నేను లోపల నీరు పెట్టలేదు, ఎండిన రాతిపొడి పెట్టాను. తూస్తే రెండు మూడు మిల్లీగ్రాముల నీరు. ఇందాక గరిటె వెనక మీరు చూసిన చుక్కే అది. లోపల సర్పెంటైన్ లేదు. దాని స్థానంలో ఆలివిన్, పైరాక్సీన్, కొంచెం క్లోరైట్. పచ్చటి మెత్తటి రాయి పోయి, బరువైన గట్టి రాయి మిగిలింది.

ఆ లోతులో అది మనం తాగే నీరులా ఉండదు. ఆవిరీ కాదు, ద్రవమూ కాదు, రెండూ కలిసిపోయిన స్థితి. అందుకే ఫ్లూయిడ్ అంటాం. సిలికా, ఉప్పు, గంధకం, కర్బనం కరిగించుకుని మోస్తుంది.

ఇప్పుడు భూకంపాల సంగతి. నీరు పడితే జారుతుంది కదా అంటారు చాలామంది. నూనె పూసినట్టు జారడం ఇక్కడ ముఖ్యం కాదు. మీ వంటింట్లో గ్రానైట్ గట్టు మీద తడి ఉన్నప్పుడు వేడి గిన్నె దించితే, అది ఎవరూ తోయకుండానే తనంతట తాను జరగడం చూశారా? అడుగున చిక్కుకున్న ఆవిరి గిన్నె బరువులో కొంత తను మోస్తుంది. గట్టు మీద గిన్నె అదుము తగ్గుతుంది, పట్టు తప్పుతుంది. రెండు ప్లేట్ల మధ్య చిక్కుకున్న ఫ్లూయిడ్ చేసేది ఇదే. పై రాయి బరువుని తను మోస్తుంది. జపాన్ నైరుతిలో, అమెరికా, కెనడాల పడమటి తీరంలోని కాస్కేడియాలో, ప్లేట్లు భూకంపం లేకుండా రోజులు, వారాల తరబడి మెల్లగా జారుతుంటాయని 2000 తర్వాత కనిపెట్టారు. కాస్కేడియాలో ఈ జారుడు సుమారు 14 నెలలకోసారి వస్తుంది. అక్కడ ఫ్లూయిడ్ ఒత్తిడి విపరీతంగా ఉందని భూకంప తరంగాలు చెబుతున్నాయి. 2004 భూకంపానికి నీరే కారణం అని మాత్రం నేను అనను. ఏళ్ళ తరబడి ప్లేటు నెట్టుతూ పోగుచేసిన బిగువే దానికి కారణం. ఏ ముక్క బిగుసుకుంటుంది, ఏ ముక్క జారుతుంది అన్న చోట నీటి ప్రమేయం ఉంటుంది.

ఇంకో తగువు ఉంది, 70 నుంచి 300 కిలోమీటర్ల లోతులో వచ్చే భూకంపాల గురించి. ఆ ఒత్తిడిలో రాయి పగలకూడదు, మైనంలా సాగాలి. సర్పెంటైన్ నీరు విడిచినప్పుడు ఆ నీటి ఒత్తిడి రాయిని పెళుసు చేస్తుందని 1965లో రాలీ, ప్యాటర్సన్ ప్రయోగాలతో చూపించారు. కానీ 20 వేల వాతావరణాలు దాటాక లెక్క తిరగబడుతుంది. అక్కడ నీరూ కొత్త ఖనిజాలూ కలిపినా పాత రాయికంటే తక్కువ చోటే పడుతుంది. ఇక పొంగేదెక్కడ? రాయంతా ఒకేసారి పెళుసెక్కనక్కర్లేదనీ, అక్కడక్కడా నీరు విడిచిన మచ్చలు మెత్తబడి, తాము మోసే బరువుని పక్క రాయి మీదికి నెడితే అది పగులుతుందనీ ఈ మధ్య కొందరంటున్నారు. నా ప్రయోగాలు చూశాక నా మనసు ఈ రెండో మాట వైపే మొగ్గింది.

లద్దాఖ్ సంగతి. సో మొరారి సరస్సు దగ్గర, పూగా లోయలో ఎక్లోజైట్ అనే రాయి ఉంది. నలుపు కలిసిన పచ్చదనంలో ఎర్రటి గార్నెట్లు, దానిమ్మ గింజలు చల్లినట్టు. సుమారు 5 కోట్ల ఏళ్ళ కిందట మన భారత ఖండపు అంచే ఆసియా కిందికి, సుమారు వంద కిలోమీటర్ల దాకా దిగి, మళ్ళీ పైకి వచ్చింది. నాలుగు వేల మీటర్లు దాటిన ఎత్తులో, ఊపిరి అందని చోట, ఒకప్పుడు అంత లోతున ఉన్న రాయి మీద చెయ్యి వేసి నిలబడతాం. లోతుకి సాక్ష్యం కోయసైట్. మామూలు ఇసుకలోని క్వార్ట్జే, కానీ ఆ ఒత్తిడిలో మాత్రమే పుట్టే బరువైన రూపం. పైకి వచ్చేటప్పుడు అది మళ్ళీ క్వార్ట్జుగా మారి ఉబ్బుతుంది. చుట్టూ ఉన్న గార్నెట్ ఆ ఉబ్బు తట్టుకోలేక, చక్రం ఆకుల్లా నలువైపులా చీలుతుంది. పలచగా అరగదీసిన రాతి ముక్కలో, వెంట్రుక మందంకంటే పలచన, ఆ చీలికల చక్రాన్ని నేను వందలసార్లు చూశాను. ప్రతిసారీ ఇంకోసారి చూడాలనిపిస్తుంది.

ఇలాంటి రాళ్ళలో నీరు నడిచిన దారులు నరాల్లా, చారల్లా మిగిలిపోతాయి. ఆ చార అంచుల్లో ఒక మూలకం రాయిలోకి ఎంత దూరం ఇంకిందో కొలిస్తే, నీరు ఎంతకాలం ప్రవహించిందో తెలుస్తుంది. చైనాలోని తియెన్‌షాన్ పర్వతాల్లో ఒక చారకి లిథియంతో ఆ లెక్క కట్టారు. సుమారు 200 ఏళ్ళు వచ్చింది. ప్లేటు అక్కడికి చేరడానికి లక్షల ఏళ్ళు పట్టింది, నీరు పోవడానికి 200 ఏళ్ళు. మన తాత ముత్తాతల కాలమంత. నా థీసిస్‌లో నేను గట్టిగా నిలబడి చెప్పిన మాట ఇదే. రాయి నీటిని కొద్దికొద్దిగా కార్చదు, బిగబట్టి ఉంచి ఒక్కసారి వదులుతుంది. పటిక కూడా పెనం వేడెక్కేదాకా కదల్లేదు, కదిలాక ఆగలేదు, మీరు చూశారు.

ఎక్కడ వదులుతుందన్నది ప్లేటు వయసుని బట్టి ఉంటుంది. కాస్కేడియాలో దిగేది కోటి ఏళ్ళు కూడా నిండని లేత ప్లేటు, ఇంకా వెచ్చగా ఉంది, పైపైనే నీటిలో చాలావరకు వదిలేస్తుంది. ఉత్తర జపాన్ కింద దిగేది 13 కోట్ల ఏళ్ళ ముసలి ప్లేటు, చల్లగా ఉంది, నీటిని చాలా లోతుకి మోసుకుపోతుంది.

(సభలోంచి: అలా పోతూ ఉంటే సముద్రం తగ్గిపోదా అండీ?)

మంచి ప్రశ్న, తమ్ముడూ. లెక్క వేద్దాం. ఏడాదికి ఘనపు కిలోమీటరులో మూడోవంతు తిరిగి రాకుండా పోతే, వంద కోట్ల ఏళ్ళలో 33 కోట్ల ఘనపు కిలోమీటర్లు. సముద్రాల్లో ఉన్నది సుమారు 133 కోట్లు. నాలుగోవంతు తగ్గాలి. సముద్రం మధ్య పర్వతశ్రేణుల్లో, హవాయి లాంటి చోట్ల లావాతో మాంటిల్ నీరు పైకి వస్తూనే ఉంటుంది కాబట్టి కొంత సరిపోతుంది. ఎంతవరకు సరిపోతుందన్న లెక్క ఇంకా తెగలేదు. కొంత నీరు నిజంగానే లోపల ఉంది. బ్రెజిల్‌లో దొరికిన ఒక వజ్రంలో రింగ్‌వుడైట్ అనే ఖనిజపు నలుసు ఉందని 2014లో ప్రకటించారు. అది 500 కిలోమీటర్ల కింద పుట్టేది. అందులో నూటికి ఒకటిన్నర వంతు నీరు ఉంది.

(సభలోంచి: మన దగ్గర ఇలాంటి రాళ్ళు ఉన్నాయా?)

ఉన్నాయి, అమ్మా. నెల్లూరు ప్రాంతంలో కండ్ర దగ్గర సుమారు 185 కోట్ల ఏళ్ళ నాటి పాత సముద్రపు అడుగు ముక్కలున్నాయని పరిశోధకులు చూపించారు. అంటే అక్కడొక సముద్రం మూసుకుపోయిందన్నమాట. అంత దూరం వద్దంటే, ఈ హాలు బయటికి వచ్చి ఇంద్రకీలాద్రి వైపు చూడండి. బ్రిటిషు కాలపు సర్వేవాళ్ళు ఈ కొండల రాయికి బెజవాడ నైస్ అనే పేరు పెట్టారు, నైస్ అంటే చారలున్న ఒక రకం రాయి. ఇప్పుడు ఖొండలైట్ అంటున్నాం. ఒకప్పుడు అది నీటి అడుగున పేరుకున్న బురద. ఇది సబ్‌డక్షన్‌లోలా చల్లగా దిగలేదు, విపరీతమైన వేడిలో ఉడికింది. కానీ జరిగిన పని అదే, మట్టిలో, మైకాలో ఉన్న నీరు దాదాపు అంతా పోయి, గార్నెట్, సిలిమనైట్ మిగిలాయి. నీరు మిగల్లేదు కాబట్టే ఇన్ని కోట్ల ఏళ్ళు ఇంత గట్టిగా నిలబడింది.

నా దగ్గర పలచటి రాతి ముక్కలు అతికించిన రెండు గాజు పలకలున్నాయి. ఒకటి పూగా ఎక్లోజైట్, రెండోది మన కొండ రాయి, రోడ్డు పని దగ్గర పగలగొట్టి పడేసిన ముక్కలోంచి చేసింది. మైక్రోస్కోపు ఆ బల్ల మీద పెట్టాను. వరసగా రండి. పలకని అంచులు పట్టుకునే ఎత్తండి, రాతి మీద వేలు పడితే మరక పడుతుంది. ఎక్లోజైట్‌లో గులాబి రంగు గుండ్రం గార్నెట్ మధ్యలోకి ఫోకస్ చేశాను. చీలికలు చక్రంలా కనిపిస్తే నాకు చెప్పండి.